భాగం 14: డేటా సమీకరణ సాఫ్ట్‌వేర్, వెబ్ అనలిటిక్స్ - ధ్రువీకృత అనుసంధానం

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 ప్రవేశిక
14.2 అనుసంధానం ఎందుకు అవసరం?
14.3 ధ్రువీకరణ, అనుమతి - భేదం
14.4 పాస్‌వర్డ్ ఇవ్వడంలోని ప్రమాదం
14.5 ఓఆత్ 2.0 - నలుగురు పాత్రధారులు
14.6 మొదటి మార్గం: వాడుకరి సమ్మతి
14.7 రెండో మార్గం: సర్వీస్ అకౌంట్
14.8 ఏ మార్గాన్ని ఎంచుకోవాలి?
14.9 అనుసంధానాన్ని పరీక్షించడం, లోపాలను గుర్తించడం
14.10 భద్రత, బాధ్యత
14.11 సారాంశం
14.12 పారిభాషిక పదాలు
14.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

- వెబ్ అనలిటిక్స్ డేటాను సంస్థ సొంత డేటా గిడ్డంగిలోకి ఎందుకు తెచ్చుకోవాలో వివరించగలుగుతారు.
- ధ్రువీకరణకూ అనుమతికీ గల భేదాన్ని ఉదాహరణతో చెప్పగలుగుతారు.
- ఓఆత్ 2.0 విధానంలో టోకెన్లు ఎలా పుడతాయో, ఎలా కాలం చెల్లుతాయో దశలవారీగా రాయగలుగుతారు.
- వాడుకరి సమ్మతి, సర్వీస్ అకౌంట్ అనే రెండు మార్గాలను పోల్చి, సందర్భానికి తగినదాన్ని ఎంచుకోగలుగుతారు.
- అనుసంధానం విఫలమైనప్పుడు లోపం ఎక్కడుందో గుర్తించగలుగుతారు.

14.1 ప్రవేశిక

వివిధ మూలాల నుంచి డేటాను వెలికితీసి, అవసరమైన రూపంలోకి మార్చి, ఒకే గిడ్డంగిలో నింపే పనిని ఈటీఎల్ అంటారని మీకు తెలుసు. ఇంతవరకు మనం తీసుకున్న ఉదాహరణల్లో మూలాలన్నీ సంస్థ ఆవరణలోనే ఉన్నాయి. దరఖాస్తుల డేటాబేస్, రుసుముల ఖాతా, హాజరు పట్టికల ఎక్సెల్ ఫైళ్ళు - వీటన్నిటి తాళాలూ సంస్థ చేతిలోనే ఉంటాయి.

వెబ్ అనలిటిక్స్ సంగతి వేరు. మన వెబ్‌సైట్‌ను ఎందరు చూశారు, ఏ పేజీ దగ్గర ఆగారు, ఎక్కడ వెనుదిరిగారు అనే వివరాలు మనకు సంబంధించినవే. కాని అవి నిల్వ ఉండేది మరో సంస్థ సర్వర్లలో. అక్కడికి వెళ్ళి డేటా తెచ్చుకోవాలంటే ముందు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నీవెవరు? నీకు ఇక్కడ ఏమి చూసే హక్కుంది? ఈ రెండు ప్రశ్నలకూ మనిషి బదులు ఒక సాఫ్ట్‌వేర్, అదీ ఏ అర్ధరాత్రో ఎవరూ లేని సమయంలో, సరిగ్గా జవాబు చెప్పేలా చేయడమే ఈ భాగంలోని విషయం.

వివరణకు గూగుల్ అనలిటిక్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం. గూగుల్ సంస్థ 2005లో అర్చిన్ అనే సంస్థను కొని, అదే ఏడాది నవంబరులో ఈ సేవను ప్రారంభించింది. దాని నేటి రూపం గూగుల్ అనలిటిక్స్ 4. సమీకరణ సాఫ్ట్‌వేర్ ఏదైనా సూత్రాలు అవే. ఉదాహరణకు ఎయిర్‌బైట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో గూగుల్ అనలిటిక్స్ కనెక్టర్‌ను తెరిస్తే, ఈ భాగంలో వివరించే రెండు మార్గాలూ అందులో కనిపిస్తాయి.

14.2 అనుసంధానం ఎందుకు అవసరం?

ఒక డిగ్రీ కళాశాలను ఊహించండి. ప్రవేశాల కాలంలో వెబ్‌సైట్‌ను వేలమంది చూస్తారు, దరఖాస్తులు మాత్రం వందల్లోనే వస్తాయి. మిగిలినవారు ఎందుకు ఆగిపోయారు? ఫోన్‌లో ఫారం సరిగా తెరుచుకోలేదా? రుసుము పేజీ చూసి వెనక్కి వెళ్ళారా? చూసినవారి లెక్క అనలిటిక్స్‌లో ఉంది. దరఖాస్తు చేసినవారి లెక్క కళాశాల డేటాబేస్‌లో ఉంది. రెండింటినీ తేదీల వారీగా పక్కపక్కన పెడితేనే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

రోజూ ఒక ఉద్యోగి అనలిటిక్స్ తెరిచి, నివేదికను దించుకొని, ఎక్సెల్‌లో అతికించవచ్చు. నాలుగు రోజులు బాగానే సాగుతుంది. ఐదో రోజు సెలవు పెడితే ఆ రోజు లెక్క జారిపోతుంది. అంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది. పరాయి సర్వర్‌లో ఉన్న డేటా ఎంతకాలం ఉండాలో నిర్ణయించేది మనం కాదు. యూనివర్సల్ అనలిటిక్స్ అనే పాత రూపం సాధారణ ప్రాపర్టీలలో 2023 జులై 1 నుంచి కొత్త డేటా తీసుకోవడం మానేసింది. 2024 జులై 1 నుంచి పాత డేటాను చూసే సౌకర్యం కూడా పోయింది. అప్పటికే తమ గిడ్డంగిలోకి డేటా తెచ్చుకున్న సంస్థలకు పాత సంవత్సరాల లెక్కలు మిగిలాయి, తెచ్చుకోనివారికి మిగలలేదు. నేటి రూపంలోనూ ఉచిత ప్రాపర్టీలలో వాడుకరి స్థాయి, ఈవెంట్ స్థాయి డేటాను గరిష్ఠంగా 14 నెలలే ఉంచుకోవచ్చు. మొత్తాల రూపంలో ఉండే సాధారణ నివేదికలకు ఈ పరిమితి వర్తించదు.

14.3 ధ్రువీకరణ, అనుమతి - భేదం

ఈ రెండు మాటలనూ విద్యార్థులు తరచుగా ఒకటిగా భావిస్తారు. పరీక్షా కేంద్రాన్ని గుర్తు తెచ్చుకోండి. గేటు దగ్గర హాల్‌టికెట్‌పై ఫొటోతో మీ ముఖాన్ని సరిపోల్చి చూస్తారు. మీరు మీరేనని నిర్ధారించే ఆ పని ధ్రువీకరణ, అంటే ఆథెంటికేషన్. లోపలికి వెళ్ళాక మీకు కేటాయించిన గదిలో, మీ సబ్జెక్టు పరీక్ష మాత్రమే రాయగలరు. ఏమి చేయవచ్చో చెప్పే ఆ హద్దు అనుమతి, అంటే ఆథరైజేషన్.

అనలిటిక్స్ అనుసంధానంలో రెండూ ఉండాలి. సాఫ్ట్‌వేర్ తానెవరో నిరూపించుకున్నా, ఆ ప్రాపర్టీని చూసే అనుమతి లేకపోతే డేటా రాదు. ఏ దశ తప్పిందో తెలిస్తే మరమ్మతు సులువు. అందుకే ఈ భేదాన్ని గట్టిగా పట్టుకోండి. 14.9లో దీని అవసరం మళ్ళీ వస్తుంది.

14.4 పాస్‌వర్డ్ ఇవ్వడంలోని ప్రమాదం

అన్నిటికన్నా తేలికగా తోచే దారి, అనలిటిక్స్ ఖాతా పాస్‌వర్డ్‌ను సమీకరణ సాఫ్ట్‌వేర్‌లో రాసి పెట్టడం. ఒకప్పుడు అలాగే చేసేవారు. వాడుకరి పేరు, పాస్‌వర్డ్ తీసుకొని పనిచేసే క్లయింట్ లాగిన్ అనే పద్ధతిని గూగులే నడిపింది. దాన్ని నిలిపివేస్తున్నట్టు 2012లో ప్రకటించి, 2015లో మూసివేసింది. కారణాలు నాలుగు.

1. పాస్‌వర్డ్‌కు హద్దు లేదు. నివేదికలు చదవడానికి ఇచ్చిన పాస్‌వర్డ్‌తోనే ఉత్తరాలు చదవవచ్చు, ఫైళ్ళు తొలగించవచ్చు.
2. దానికి గడువు లేదు. మార్చేంతవరకు చెల్లుతూనే ఉంటుంది.
3. ఒక్కరి నుంచి అధికారం వెనక్కి తీసుకోవడం కుదరదు. పాస్‌వర్డ్ మారిస్తే దాన్ని వాడుతున్న సాఫ్ట్‌వేర్లన్నీ ఒకేసారి ఆగిపోతాయి.
4. రెండంచెల ధ్రువీకరణ ఉన్న ఖాతాలో ఫోన్‌కు వచ్చే కోడ్‌ను అర్ధరాత్రి సాఫ్ట్‌వేర్ చదవలేదు.

ఊళ్ళో ఉండని ఆసామి తన పొలం పని చూసుకోమని మరొకరికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తాడు. ఏ సర్వే నంబరు, ఏ పని, ఎంతకాలం అన్నది అందులో ఉంటుంది. కౌలు వసూలు చేయమని రాసిచ్చినంత మాత్రాన భూమి అమ్మే హక్కు రాదు. కావాలనుకుంటే దాన్ని రద్దు చేయవచ్చు. పాస్‌వర్డ్ ఇవ్వడం అంటే ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇవ్వడం. పవర్ ఆఫ్ అటార్నీ లాంటి హద్దున్న పత్రం కంప్యూటర్ల మధ్య కూడా కావాలి. ఆ పత్రమే టోకెన్.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 1

అ) ధ్రువీకరణకూ అనుమతికీ భేదం ఏమిటి?
ఆ) సాఫ్ట్‌వేర్‌కు పాస్‌వర్డ్ ఇవ్వడంలోని రెండు లోపాలు రాయండి.

14.5 ఓఆత్ 2.0 - నలుగురు పాత్రధారులు

టోకెన్లను జారీ చేసే పద్ధతికి ప్రమాణం ఓఆత్ 2.0. డిక్ హార్ట్ సంపాదకత్వంలో 2012 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 6749గా ఇది వెలువడింది. ఇందులో నలుగురు పాత్రధారులు ఉంటారు. మన కళాశాల ఉదాహరణకు వర్తింపజేసి చూద్దాం.

- వనరు యజమాని: డేటాపై హక్కు ఉన్నవారు. అనలిటిక్స్ ఖాతాను నిర్వహించే కళాశాల ఉద్యోగి.
- క్లయింట్: యజమాని తరఫున డేటా తెచ్చే సాఫ్ట్‌వేర్. ఇక్కడ సమీకరణ సాఫ్ట్‌వేర్.
- అనుమతి సర్వర్: యజమాని సమ్మతిని తీసుకొని టోకెన్ జారీ చేసేది. ఇక్కడ గూగుల్ లాగిన్ వ్యవస్థ.
- వనరు సర్వర్: టోకెన్‌ను చూసి డేటా ఇచ్చేది. ఇక్కడ గూగుల్ అనలిటిక్స్ డేటా ఏపీఐ.

టోకెన్లలో రెండు రకాలున్నాయి. యాక్సెస్ టోకెన్‌తో డేటా అడుగుతాం. గూగుల్ సాధారణంగా దీనికి 3,600 సెకన్లు, అంటే ఒక గంట గడువు ఇస్తుంది. రిఫ్రెష్ టోకెన్ ఎక్కువ కాలం ఉంటుంది. దానితో డేటా రాదు, కొత్త యాక్సెస్ టోకెన్ మాత్రం వస్తుంది.

యాక్సెస్ టోకెన్‌ను బేరర్ టోకెన్ అని కూడా అంటారు. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ ఇలాంటిదే. దాన్ని ఎవరు చూపితే వారికి చెప్పులు ఇస్తారు, పేరు అడగరు. కనుక టోకెన్ ఇతరుల చేతిలో పడితే నష్టం తప్పదు. గంట గడువు పెట్టడం ఆ నష్టానికి ఒక హద్దు వేయడానికే. టోకెన్‌ను హెచ్‌టీటీపీఎస్ మార్గంలోనే పంపాలనే నియమం కూడా అందుకే.

అనుమతి ఎంతవరకు అనేది స్కోప్ తెలుపుతుంది. అనలిటిక్స్ నివేదికలు చదవడానికి సరిపోయే స్కోప్ పేరు అనలిటిక్స్ డాట్ రీడ్ఓన్లీ. పేరులోనే చదవడం మాత్రమే అని ఉంది. డేటా తెచ్చుకోవడానికి ఇంతకు మించిన స్కోప్ అడగవలసిన అవసరం లేదు.

14.6 మొదటి మార్గం: వాడుకరి సమ్మతి

ముందస్తు ఏర్పాట్లు

1. గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో ఒక ప్రాజెక్టును సృష్టించాలి.
2. ఆ ప్రాజెక్టులో గూగుల్ అనలిటిక్స్ డేటా ఏపీఐని ఎనేబుల్ చేయాలి. ఇది మరిచిపోతే మిగిలినవన్నీ సరిగా ఉన్నా డేటా రాదు.
3. సమ్మతి తెరను సిద్ధం చేయాలి. సాఫ్ట్‌వేర్ పేరు, సంప్రదించవలసిన ఈమెయిల్, కావలసిన స్కోప్ ఇందులో నమోదవుతాయి. సంస్థకు గూగుల్ వర్క్‌స్పేస్ ఉంటే వాడుకరి రకాన్ని ఇంటర్నల్ అని, లేకపోతే ఎక్స్‌టర్నల్ అని ఎంచుకోవాలి.
4. ఓఆత్ క్లయింట్ ఐడీని సృష్టించాలి. వెబ్ అప్లికేషన్ రకాన్ని ఎంచుకుంటే రీడైరెక్ట్ యూఆర్ఐ అడుగుతుంది. సమీకరణ సాఫ్ట్‌వేర్ తన సెట్టింగులలో చూపే చిరునామాను యథాతథంగా ఇక్కడ నమోదు చేయాలి. చివరి గీత ఒకటి ఎక్కువైనా, తక్కువైనా సరిపోలదు.
5. వచ్చిన క్లయింట్ ఐడీ, క్లయింట్ సీక్రెట్‌లను సమీకరణ సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వాలి.

నడక

దశ 1: సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌ను గూగుల్ లాగిన్ పేజీకి పంపుతుంది. క్లయింట్ ఐడీ, రీడైరెక్ట్ యూఆర్ఐ, స్కోప్, స్టేట్ అనే యాదృచ్ఛిక విలువ ఆ అభ్యర్థనలో ఉంటాయి. రిఫ్రెష్ టోకెన్ కూడా కావాలంటే యాక్సెస్ టైప్ విలువ ఆఫ్‌లైన్ అని ఉండాలి.

దశ 2: ఉద్యోగి లాగిన్ అయి, సమ్మతి తెర చదివి, అనుమతి ఇస్తారు. పాస్‌వర్డ్ గూగుల్ పేజీలోనే ఇస్తారు. సమీకరణ సాఫ్ట్‌వేర్ దాన్ని ఎన్నడూ చూడదు.

దశ 3: గూగుల్ ఒక ఆథరైజేషన్ కోడ్‌తో బ్రౌజర్‌ను రీడైరెక్ట్ యూఆర్ఐకి తిప్పి పంపుతుంది. తాను పంపిన స్టేట్ విలువే తిరిగి వచ్చిందో లేదో సాఫ్ట్‌వేర్ సరిచూసుకోవాలి. వేరే విలువ వస్తే మధ్యలో ఎవరో జొరబడ్డారని అర్థం.

దశ 4: సాఫ్ట్‌వేర్ ఆ కోడ్‌ను, క్లయింట్ సీక్రెట్‌ను జతచేసి బ్రౌజర్ ప్రమేయం లేకుండా నేరుగా అనుమతి సర్వర్‌కు పంపుతుంది.

దశ 5: యాక్సెస్ టోకెన్, రిఫ్రెష్ టోకెన్ వస్తాయి.

దశ 6: ప్రతి అభ్యర్థన శీర్షికలో యాక్సెస్ టోకెన్‌ను ఉంచి డేటా ఏపీఐని అడుగుతుంది. గంట దాటాక రిఫ్రెష్ టోకెన్‌తో కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చుకుంటుంది.

మధ్యలో ఈ కోడ్ ఎందుకు, మూడో దశలోనే టోకెన్ ఇవ్వవచ్చు కదా అనే సందేహం సహజం. బ్రౌజర్ గుండా వెళ్ళే చిరునామాలు హిస్టరీలోనూ, సర్వర్ లాగ్‌లలోనూ మిగిలిపోతాయి. కోడ్ ఒక్కసారే చెల్లుతుంది. దాని గడువు 10 నిమిషాలు మించరాదని ప్రమాణం సూచిస్తుంది. పైగా క్లయింట్ సీక్రెట్ లేనిదే అది పనికిరాదు. కనుక ఎవరి కంటబడినా విలువైన టోకెన్ బయటపడదు.

రిఫ్రెష్ టోకెన్ ఎప్పుడు చెల్లదు?

- వాడుకరి తన ఖాతా సెట్టింగులలో అనుమతిని రద్దు చేసినప్పుడు.
- 6 నెలల పాటు దాన్ని ఒక్కసారి కూడా వాడనప్పుడు.
- ఒక గూగుల్ ఖాతాకు ఒక క్లయింట్ ఐడీ కింద 100 రిఫ్రెష్ టోకెన్లకే పరిమితి. అది దాటితే అన్నిటికన్నా పాతది హెచ్చరిక లేకుండా రద్దవుతుంది.
- ఎక్స్‌టర్నల్ రకం సమ్మతి తెర టెస్టింగ్ స్థితిలో ఉంటే, ఈ స్కోప్‌తో వచ్చిన రిఫ్రెష్ టోకెన్ 7 రోజులకే ముగుస్తుంది.

చివరి అంశాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. వారం రోజులు చక్కగా నడిచి ఎనిమిదో రోజున అనుసంధానం ఆగిపోతే, మొదట చూడవలసింది సమ్మతి తెర స్థితినే. దాన్ని ప్రొడక్షన్ స్థితికి మార్చి, మళ్ళీ సమ్మతి తీసుకోవాలి.

మరో సంగతి. గూగుల్ సాధారణంగా మొదటిసారి సమ్మతి ఇచ్చినప్పుడే రిఫ్రెష్ టోకెన్ ఇస్తుంది. దాన్ని భద్రపరచకపోతే రెండోసారి లాగిన్ అయినా యాక్సెస్ టోకెన్ మాత్రమే వస్తుంది. అప్పుడు అభ్యర్థనలో ప్రాంప్ట్ విలువను కన్సెంట్ అని ఇచ్చి, సమ్మతి తెరను తిరిగి చూపించాలి.

14.7 రెండో మార్గం: సర్వీస్ అకౌంట్

మొదటి మార్గంలో ఒక మనిషి ఒకసారైనా లాగిన్ కావాలి, అనుసంధానం ఆ మనిషి ఖాతాతో ముడిపడి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కే సొంత గుర్తింపు ఇవ్వడం రెండో మార్గం. అలాంటి గుర్తింపే సర్వీస్ అకౌంట్. దీనికి ఈమెయిల్ రూపంలో ఒక చిరునామా ఉంటుంది, పాస్‌వర్డ్ ఉండదు.

ఏర్పాటు దశలు

1. క్లౌడ్ ప్రాజెక్టులో డేటా ఏపీఐని ఎనేబుల్ చేసి, సర్వీస్ అకౌంట్‌ను సృష్టించాలి.
2. దానికి ఒక కీని సృష్టించి జేసన్ ఫైలుగా దించుకోవాలి. అందులో ప్రైవేట్ కీ ఉంటుంది. గూగుల్ తన వద్ద దాని ప్రతిని ఉంచుకోదు. ఫైలు పోతే కొత్త కీ చేసుకోవలసిందే.
3. గూగుల్ అనలిటిక్స్‌లోకి వెళ్ళి, ప్రాపర్టీ యాక్సెస్ మేనేజ్‌మెంట్‌లో సర్వీస్ అకౌంట్ చిరునామాను వ్యూయర్ హోదాతో చేర్చాలి.
4. సమీకరణ సాఫ్ట్‌వేర్‌లో జేసన్ కీని, ప్రాపర్టీ ఐడీని ఇవ్వాలి.

మూడో దశను చాలామంది వదిలేస్తారు. క్లౌడ్ ప్రాజెక్టులో సర్వీస్ అకౌంట్‌కు ఎంత పెద్ద హోదా ఇచ్చినా అనలిటిక్స్ ప్రాపర్టీలోకి ప్రవేశం రాదు. రెండు వ్యవస్థల అనుమతులూ వేర్వేరు. ధ్రువీకరణ ఒకచోట, అనుమతి మరోచోట అన్న 14.3లోని భేదం ఇక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఒక చిన్న ప్రకటన తయారు చేస్తుంది. తానెవరు, ఏ స్కోప్ కావాలి, ఎవరికి పంపుతోంది, ఎప్పుడు తయారైంది, ఎప్పటివరకు చెల్లుతుంది అనే ఐదు వివరాలు అందులో ఉంటాయి. గడువు గంటకు మించరాదు. దాన్ని ప్రైవేట్ కీతో సంతకం చేస్తుంది. ఇలా సంతకం చేసిన ప్రకటనను జేసన్ వెబ్ టోకెన్ అంటారు. గూగుల్ తన వద్ద ఉన్న పబ్లిక్ కీతో సంతకాన్ని సరిచూసి, గంట చెల్లే యాక్సెస్ టోకెన్ ఇస్తుంది. ప్రైవేట్ కీ ఎక్కడికీ ప్రయాణించదు. దానితో చేసిన సంతకం మాత్రమే వెళుతుంది. గంట ముగిశాక కొత్త ప్రకటనపై మళ్ళీ సంతకం చేస్తే చాలు కనుక ఇందులో రిఫ్రెష్ టోకెన్ అవసరం లేదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 2

అ) ఆథరైజేషన్ కోడ్‌కూ యాక్సెస్ టోకెన్‌కూ భేదం రాయండి.
ఆ) సర్వీస్ అకౌంట్ మార్గంలో రిఫ్రెష్ టోకెన్ ఎందుకు అవసరం లేదు?

14.8 ఏ మార్గాన్ని ఎంచుకోవాలి?

సంస్థ తన సొంత ప్రాపర్టీ నుంచి రోజూ డేటా తెచ్చుకోవాలంటే సర్వీస్ అకౌంట్ మేలు. ఉద్యోగి బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా అనుసంధానం ఆగదు. వాడుకరి సమ్మతి మార్గంలో ఏర్పాటు చేసి, ఆ ఉద్యోగి ఖాతాను సంస్థ తొలగిస్తే, దానితో పాటే డేటా ప్రవాహమూ తెగిపోతుంది.

ఇతరుల ప్రాపర్టీల నుంచి వారి అంగీకారంతో డేటా తేవలసిన సాఫ్ట్‌వేర్‌కు వాడుకరి సమ్మతి మార్గమే తగినది. ఎవరికి వారు తమ ఖాతాతో అనుమతి ఇస్తారు, వద్దనుకున్నప్పుడు తీసేస్తారు. కీ ఫైళ్ళ సృష్టిని కొన్ని సంస్థలు విధానపరంగా నిషేధిస్తాయి. అక్కడ కూడా మొదటి మార్గం అక్కరకు వస్తుంది.

సర్వీస్ అకౌంట్‌కు ఒక బలహీనత ఉంది. జేసన్ కీ దానంతట అది గంటలోనో, వారంలోనో ముగిసిపోదు. దాన్ని దొంగిలించినవారు మనం రద్దు చేసేంతవరకు వాడుకోగలరు. సౌకర్యం పెరిగినచోట కాపలా కూడా పెరగాలి.

14.9 అనుసంధానాన్ని పరీక్షించడం, లోపాలను గుర్తించడం

మొదటి పరీక్ష చిన్నదిగా ఉండాలి. నాలుగు రోజుల కిందటి ఒక్క తేదీని ఎంచుకొని, పరికర రకం వారీగా సెషన్ల సంఖ్యను అడగండి. పరికర రకం వంటి వర్గీకరణను డైమెన్షన్ అని, సెషన్ల వంటి లెక్కను మెట్రిక్ అని అంటారు. వచ్చిన సంఖ్యను అనలిటిక్స్ తెరపై అదే తేదీ నివేదికతో పోల్చండి.

ఇక్కడ ఇవ్వవలసింది ప్రాపర్టీ ఐడీ, అంటే అంకెలు మాత్రమే ఉండే సంఖ్య. వెబ్‌పేజీలో అతికించే మెజర్‌మెంట్ ఐడీ జీ అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలవుతుంది. రెండో దాన్ని ఇస్తే అనుసంధానం కుదరదు.

సాధారణంగా ఎదురయ్యే లోపాలు:

- రీడైరెక్ట్ యూఆర్ఐ మిస్‌మ్యాచ్: రెండుచోట్ల నమోదైన చిరునామాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా లేవు.
- ఇన్వాలిడ్ గ్రాంట్: మొదటి మార్గంలో రిఫ్రెష్ టోకెన్ చెల్లకపోవడం. రెండో మార్గంలో సర్వర్ గడియారం తప్పుగా ఉండటం కూడా కారణం కావచ్చు. గడియారం ముందుకో వెనక్కో పోతే ప్రకటన గడువు లెక్క తప్పుతుంది.
- 401: ధ్రువీకరణ లోపం. యాక్సెస్ టోకెన్ లేదు, లేదా గడువు తీరింది.
- 403: అనుమతి లోపం. సాఫ్ట్‌వేర్ ఎవరో తెలిసింది, హక్కు మాత్రం లేదు. వ్యూయర్ హోదా ఇచ్చారా, ఏపీఐ ఎనేబుల్ అయిందా చూడాలి.
- 429: కోటా ముగిసింది. కొంత వ్యవధి ఇచ్చి మళ్ళీ అడగాలి. విఫలమైన ప్రతిసారీ వ్యవధిని రెట్టింపు చేయడం మంచి పద్ధతి.

అనుసంధానం కుదిరాక కూడా మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, తాజా డేటా స్థిరపడటానికి 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు. అందువల్ల ప్రతి రాత్రి నిన్నటి డేటా ఒక్కటే కాక, గత 3 రోజుల డేటాను మళ్ళీ తెచ్చి పాత వరుసల స్థానంలో ఉంచాలి. కొత్త వరుసలుగా చేరిస్తే ఒకే రోజు లెక్క మూడుసార్లు పడుతుంది.

రెండోది, ఒక అభ్యర్థనకు వరుసల సంఖ్య చెప్పకపోతే 10,000 వరుసలే వస్తాయి. గరిష్ఠంగా 2,50,000 వరకు అడగవచ్చు. అంతకు మించితే విడతలుగా తేవాలి. మొత్తం వరుసల సంఖ్యను సమాధానంలో చూసి సరిపోల్చుకోకపోతే, తోక తెగిన పట్టికను పూర్తి పట్టిక అనుకునే ప్రమాదం ఉంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. డేటా తేవడం విఫలమైన రోజును గిడ్డంగిలో సున్నాగా రాయకూడదు. సందర్శకులు లేకపోవడం వేరు, సందర్శకులు ఉన్నారో లేదో మనకు తెలియకపోవడం వేరు. మన కళాశాలలో వారం పాటు టోకెన్ చెల్లక డేటా రాలేదనుకుందాం. పట్టికలో వారం రోజులూ సున్నాలే ఉంటే, సాయంకాలపు కోర్సు పేజీని ఎవరూ చూడటం లేదని ఎవరైనా తీర్మానిస్తారు. పగలు పని చేసుకుంటూ చదువుకోవాలని ఆ పేజీ చూసినవారికి వచ్చే ఏడాది ఆ కోర్సు ఉండకపోవచ్చు. ఒక సాంకేతిక లోపం ఒక తప్పుడు నిర్ణయంగా మారే దారి ఇదే. కనుక విఫలమైన రోజు గడిని ఖాళీగా ఉంచి, పక్కన విఫలమైనట్టు గుర్తు పెట్టి, బాధ్యుడికి వెంటనే సందేశం వెళ్ళే ఏర్పాటు చేయాలి.

14.10 భద్రత, బాధ్యత

- కనీస హక్కు సూత్రం: చదవడానికి వ్యూయర్ హోదా చాలు. అడ్మినిస్ట్రేటర్ హోదా ఇవ్వవద్దు.
- క్లయింట్ సీక్రెట్, జేసన్ కీ, రిఫ్రెష్ టోకెన్‌లను ప్రోగ్రాం కోడ్‌లో రాయవద్దు. ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపవద్దు. అందరికీ కనిపించే కోడ్ భాండాగారంలో ఒక్కసారి పెట్టినా, తరవాత తొలగించినా పాత ప్రతులలో అది మిగిలి ఉంటుంది. అలా బయటపడిన కీని వెంటనే రద్దు చేసి కొత్తది చేయాలి.
- రహస్యాలను సమీకరణ సాఫ్ట్‌వేర్‌లోని రహస్య భాండాగారంలో సంకేతీకరించి ఉంచాలి. కీలను నియమిత కాలవ్యవధిలో మార్చాలి.
- ఏ అనుసంధానం ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఏర్పాటు చేశారో ఒక రిజిస్టరు ఉంచాలి. వాడుకలో లేనివాటిని తొలగించాలి.

వ్యక్తులను గుర్తించే పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ వంటి వివరాలను గూగుల్ అనలిటిక్స్‌లోకి పంపరాదని ఆ సేవ నిబంధనలే చెబుతున్నాయి. దరఖాస్తు ఫారం చిరునామాలో ఫోన్ నంబరు చేరి అనలిటిక్స్‌కు వెళుతోందేమో పరిశీలించాలి. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ కంప్యూటర్ బాధ్యుల అనుమతి లేకుండా డేటా దించుకోవడాన్ని తప్పుగా పరిగణిస్తుంది. డిజిటల్ రూపంలోని వ్యక్తిగత డేటా విషయంలో 2023లో ప్రత్యేక చట్టం వచ్చింది. కనుక డేటా తేగలగడం ఒక్కటే చాలదు. తెచ్చే హక్కు ఉందా, తెచ్చినదాన్ని కాపాడగలమా అనే ప్రశ్నలకు కూడా సమీకరణ నిపుణుడు జవాబు చెప్పగలగాలి.

14.11 సారాంశం

వెబ్ అనలిటిక్స్ డేటా పరాయి సర్వర్‌లో ఉంటుంది. దాన్ని సంస్థ డేటాతో కలిపి చూడటానికీ, శాశ్వతంగా నిలుపుకోవడానికీ అనుసంధానం అవసరం. పాస్‌వర్డ్ బదులు హద్దు, గడువు ఉన్న టోకెన్‌ను వాడటం ఓఆత్ 2.0 సారం. వాడుకరి సమ్మతి మార్గంలో కోడ్, దాని ద్వారా యాక్సెస్, రిఫ్రెష్ టోకెన్లు వస్తాయి. సర్వీస్ అకౌంట్ మార్గంలో ప్రైవేట్ కీ సంతకంతో యాక్సెస్ టోకెన్ వస్తుంది. 401 ధ్రువీకరణ లోపాన్ని, 403 అనుమతి లోపాన్ని తెలుపుతాయి. విఫలమైన రోజును సున్నాగా నమోదు చేయరాదు. కనీస హక్కు, రహస్యాల రక్షణ, రిజిస్టరు నిర్వహణ అనుసంధానంలో భాగాలే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - జవాబులు

1. అ) ఎవరో నిర్ధారించడం ధ్రువీకరణ. ఏమి చేయవచ్చో నిర్ణయించడం అనుమతి. ఆ) పాస్‌వర్డ్‌కు హద్దు లేదు, గడువు లేదు.
2. అ) కోడ్ ఒక్కసారే చెల్లుతుంది, టోకెన్ పొందడానికే పనికివస్తుంది. యాక్సెస్ టోకెన్ గంటసేపు చెల్లుతుంది, దానితో డేటా వస్తుంది. ఆ) ప్రైవేట్ కీతో కొత్త ప్రకటనపై ఎప్పుడైనా సంతకం చేసి మరో యాక్సెస్ టోకెన్ పొందవచ్చు.

14.12 పారిభాషిక పదాలు

యాక్సెస్ టోకెన్: డేటా అడగడానికి చూపే స్వల్పకాలిక అనుమతి పత్రం.
రిఫ్రెష్ టోకెన్: కొత్త యాక్సెస్ టోకెన్ పొందడానికి వాడే దీర్ఘకాలిక పత్రం.
స్కోప్: అనుమతి పరిధి.
రీడైరెక్ట్ యూఆర్ఐ: సమ్మతి తరవాత బ్రౌజర్ తిరిగి రావలసిన చిరునామా.
సర్వీస్ అకౌంట్: మనిషికి కాక సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే ఖాతా.
కోటా: నిర్ణీత కాలంలో అడగగలిగే అభ్యర్థనల పరిమితి.

14.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.

1. వాడుకరి సమ్మతి మార్గంలో టోకెన్ జారీ అయ్యే దశలను వివరించండి.
2. సర్వీస్ అకౌంట్ మార్గాన్ని వివరించి, వాడుకరి సమ్మతి మార్గంతో పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో జవాబులు రాయండి.

1. రిఫ్రెష్ టోకెన్ చెల్లకుండా పోయే సందర్భాలు ఏవి?
2. 401, 403, 429 సంఖ్యలు తెలిపే లోపాలను, వాటి పరిష్కారాలను రాయండి.
3. మీకు తెలిసిన ఒక సంస్థ వెబ్‌సైట్‌ను తీసుకొని, దాని అనలిటిక్స్ డేటాను ఏ ఇతర డేటాతో కలిపితే ఏ ప్రశ్నకు జవాబు దొరుకుతుందో, అందుకు ఏ మార్గం తగినదో కారణాలతో రాయండి.